ప్లాస్టిక్ భాగాలపై పూత: ఏ పొర తీసేయొచ్చు, ఏది తీయకూడదు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేం ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో పరికరాల కవర్లు మౌల్డ్ చేస్తాం. వాటిపై ప్రైమర్ (అడుగు పూత), సిల్వర్ బేస్‌కోట్ (రంగు పూత), క్లియర్‌కోట్ (పైన పారదర్శక పూత), మొత్తం మూడు పూతలు వేస్తున్నాం. పని తగ్గాలంటే క్లియర్ మానేయడం తేలికని మా పెయింటర్ అంటున్నాడు. నిజమేనా?

కాదండీ. మీ రంగు సిల్వర్ కాబట్టి మూడింట్లో తీయకూడనిది క్లియర్‌కోటే. సిల్వర్‌లో మెరిసేవి అల్యూమినియం రేకులు. పైన రక్షణ లేకపోతే చేతి రాపిడికీ చెమటకూ క్షారగుణం ఉన్న క్లీనర్లకూ అవి మసకబారి నల్లబడతాయి. తెలుపు, నలుపు, ఎరుపు లాంటి సాదా రంగులైతే సంగతి వేరు. అక్కడ బేస్, క్లియర్ రెండింటి బదులు ఒకే టూకే (పెయింట్, హార్డెనర్ రెండూ కలిపి వాడే) పాలీయురేథేన్ టాప్‌కోట్ 30–40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వేస్తే చాలు.

మీరు ముందు ప్రశ్నించాల్సింది ప్రైమర్‌ను. ఏబీఎస్ మీద పెయింట్ మామూలుగానే బాగా పట్టుకుంటుంది. చాలా చోట్ల ప్రైమర్ అసలు చేసే పని పట్టు ఇవ్వడం కాదు, మౌల్డింగ్ లోపాలు దాచడం. గేటు (కరిగిన ప్లాస్టిక్ మౌల్డ్‌లోకి దిగే చోటు) దగ్గరి మచ్చ, వెల్డ్ లైన్ (రెండు ప్రవాహాలు కలిసిన గీత), రిబ్ (బలానికి లోపల పెట్టే పలక) వెనక పడే గుంట, అన్నీ దాని కింద కప్పుకుపోతాయి. ప్రైమర్ తీసేసిన రోజున అవన్నీ బయటపడతాయి. అందుకే ఈ పొదుపు పెయింట్ బూత్‌లో కాక మౌల్డింగ్ మెషిన్ దగ్గర మొదలవ్వాలి. మెటీరియల్‌ను 80 డిగ్రీల దగ్గర 2 నుంచి 4 గంటలు ఆరబెట్టండి, లేకపోతే వెండి చారలు వస్తాయి. మౌల్డ్‌ను 60–80 డిగ్రీల మధ్య ఉంచండి. రిబ్ మందం గోడ మందంలో సగం దాటకుండా చూడండి.

తర్వాత ఓ 20 భాగాలతో పరీక్షించండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అయనైజ్డ్ గాలితో దుమ్ము ఊది, బేస్‌కోట్ 12–18 మైక్రాన్లు, క్లియర్ 25–30 మైక్రాన్లు వేయండి. ఓవెన్ 65–70 డిగ్రీలు, 30–40 నిమిషాలు. 80 దాటిస్తే పల్చటి గోడలు వంకర పోతాయి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి గళ్ల కోత పరీక్ష (పూతను గళ్లుగా కోసి, టేపు అంటించి లాగి చూడటం) చేయండి. ప్లాస్టిక్ మీద ఈ మందానికి గీతల మధ్య 1 మిల్లీమీటరు ఎడం ఉండాలి. మొదటి రోజు ఫలితం చూసి సంబరపడితే మోసపోతారు. పెయింట్ గట్టిపడే రియాక్షన్ పూర్తి కావడానికి రోజులు పడుతుంది.

ఒక హెచ్చరిక. ప్రైమర్ ఇంకో పని కూడా చేస్తుంది: ఘాటైన ద్రావకాలు నేరుగా ప్లాస్టిక్‌ను తాకకుండా అడ్డుకుంటుంది. అది లేనప్పుడు గేటు చుట్టూ, స్క్రూ బాస్‌ల (స్క్రూ బిగించే దిమ్మెల) దగ్గర వెంట్రుక వాసి పగుళ్లు కనిపిస్తే, అక్కడ మౌల్డింగ్ ఒత్తిడి మిగిలిపోయిందని అర్థం. ఒక ముక్కను గాఢ ఎసిటిక్ ఆమ్లంలో 30 సెకన్లు ముంచి, కడిగి ఆరబెట్టండి. ఒత్తిడి ఉన్న చోట తెల్లగా తేలుతుంది. ఈ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, ఆవిరి మండుతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు, మంచి గాలి లేకుండా ముట్టుకోవద్దు. తెల్లబడితే హోల్డింగ్ ప్రెషర్ (మౌల్డ్ నిండాక ప్లాస్టిక్‌ను నొక్కి పట్టే ఒత్తిడి) తగ్గించండి, మౌల్డ్ వేడి పెంచండి, థిన్నర్‌లో కీటోన్ల (ఘాటైన ద్రావకాల) వాటా తగ్గించమని పెయింట్ సరఫరాదారును అడగండి.

పనికొచ్చే మరో మార్గం ఉంది. ప్లాస్టిక్‌నే బూడిద రంగు మాస్టర్‌బ్యాచ్‌తో (ప్లాస్టిక్‌లో కలిపే గాఢ రంగు గుళికలతో) మౌల్డ్ చేయండి. కింద రంగు దగ్గరగా ఉంటే బేస్‌కోట్ పల్చగా వేసినా కప్పేస్తుంది, తర్వాత గీత పడినా అంతగా కనపడదు.

ప్రశ్న: పాలీప్రొపైలిన్ భాగాల మీద పెయింట్ టేపుతో పాటు పొరలుగా ఊడి వచ్చేస్తోంది. ఎమెరీతో రుద్ది వేసినా అంతే. ప్రైమర్ లేకుండా కుదరదా?

రుద్దినందువల్ల పాలీప్రొపైలిన్ (పీపీ) స్వభావం మారదు. దాని ఉపరితల శక్తి (ద్రవాన్ని తన మీద పరుచుకోనిచ్చే గుణం) సెంటీమీటరుకు సుమారు 30 డైన్లే. పెయింట్ పరుచుకుని పట్టుకోవాలంటే 40 పైనే కావాలి. తామరాకు మీద నీటిబొట్టు లాగే పెయింట్ కూడా అక్కడ కూర్చుంటుందే తప్ప అంటదు.

మార్గాలు రెండు. క్లోరినేటెడ్ పాలీఓలెఫిన్ ప్రైమర్ 5–10 మైక్రాన్లు వేయడం ఒకటి. ఇది మందంగా వేస్తే మంచిది కాదు, పొర తనలో తానే చీలుతుంది. రెండోది మంట లేదా ప్లాస్మాతో ఉపరితలాన్ని మార్చడం, ప్రైమర్ మానేయాలంటే దారి ఇదే. మంటకు గాలి కాస్త ఎక్కువగా అంది, నీలంగా ఉండాలి. పసుపు మంట మసి పూస్తుంది. లోపలి నీలి శంకువు కొనకు కాస్త అవతలగా ప్లాస్టిక్ భాగం సెకను కంటే తక్కువలో, ఒకే వేగంతో దాటిపోవాలి. తర్వాత 42 డైన్ పెన్నుతో (ఉపరితల శక్తిని పరీక్షించే సిరా పెన్ను) గీత గీయండి. 2 సెకన్ల పాటు చెదరకుండా నిలిస్తే సరే, బొట్లుగా విడిపోతే చాలలేదు. మధ్యలో ఒక్కచోట చూసి ఊరుకోవద్దు. మూలలూ లోతైన గాడులూ మంటకు అందవు, ఊడేది అక్కడి నుంచే. గీత గీసిన ముక్కను పెయింటింగ్‌కు పంపకండి.

ట్రీట్ చేసిన భాగానికి చేయి తగలకూడదు, ఆ రోజే పెయింట్ పడాలి. రోజులు గడిస్తే ప్లాస్టిక్ లోపలి జారుడు పదార్థాలు పైకి తేలి, వచ్చిన గుణం తగ్గిపోతుంది. ఎక్కువసేపు కాల్చినా చెడ్డదే. పైపొర అణువులు తెగి బలహీనమైన పొట్టులా మారి, పెయింట్ దానితో సహా వస్తుంది. అప్పుడు డైన్ పెన్ను మాత్రం బాగుందనే చెబుతుంది. అందుకే పెన్ను మాటను గళ్ల కోతతో సరిచూసుకోండి.

ప్రశ్న: పెయింటింగ్ పూర్తిగా మానేసి మెటాలిక్ మాస్టర్‌బ్యాచ్‌తో మౌల్డ్ చేశాం. రంధ్రాల వెనక నల్లటి గీతలు వస్తున్నాయి. వేడి, స్పీడు మార్చినా పోవడం లేదు.

సెట్టింగులతో అవి పలచబడతాయి గానీ పోవు. రంధ్రాన్ని చుట్టుకుని వచ్చిన రెండు ప్రవాహాలు కలిసిన చోట అల్యూమినియం రేకులు పడుకోకుండా నిలువుగా నిలబడతాయి. వాటి అంచులే కనిపిస్తాయి, కాంతి తిరిగి రాదు. మౌల్డ్‌ను ఆవిరితో బాగా వేడెక్కించే పద్ధతి సాదా నలుపులో వెల్డ్ లైన్‌ను మాయం చేస్తుంది కానీ, రేకుల దిశను పూర్తిగా సరిచేయలేదు.

చేయగలిగింది: గేటు జరిపి ఆ గీత కనపడని వైపుకో, లేబుల్ కిందికో వచ్చేలా చూడటం, పల్చటి రేకుల బదులు గుండ్రటి కణాలున్న గ్రేడు అడగటం, మౌల్డ్‌కు టెక్స్చర్ వేయించడం. టెక్స్చర్ లోతు ప్రతి 0.025 మిల్లీమీటరుకు సుమారు 1.5 డిగ్రీల డ్రాఫ్ట్ (భాగం సులువుగా బయటికి రావడానికి గోడకు ఇచ్చే వాలు) అదనంగా కావాలి. 0.05 లోతు కావాలంటే 3 డిగ్రీలు. లేకపోతే భాగం బయటికి వచ్చేటప్పుడు పక్క గోడలు గీసుకుపోతాయి. నిజానికి రంధ్రాలు ఎక్కువున్న భాగానికి మెటాలిక్ ఆశ వదులుకుని, సాదా రంగు, సన్నటి టెక్స్చర్ ఎంచుకోవడమే మంచిదని మా అభిప్రాయం. మాస్టర్‌బ్యాచ్ తూకం కచ్చితంగా ఉండాలి: 3 శాతం అంటే 25 కిలోలకు 750 గ్రాములు. రీగ్రైండ్ (మళ్లీ పొడి చేసి కలిపే వ్యర్థ ప్లాస్టిక్) వాటా రోజుకో రకంగా మారితే రంగూ రోజుకో రకంగా వస్తుంది.

ప్రశ్న: క్రోమ్ మెరుపు కావాలి, ప్లేటింగ్ వద్దు. ఏం చేయొచ్చు?

వద్దనుకోవడం మంచి నిర్ణయం. ఏబీఎస్ ప్లేటింగ్‌లో సంప్రదాయంగా క్రోమిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంతో ఎచింగ్, పల్లాడియం, రసాయన నికెల్, రాగి, నికెల్, చివర క్రోమ్, ఇలా తొట్టె తర్వాత తొట్టె. ఎచింగ్‌లోని షట్‌సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం. యూరప్‌లో 2017 సెప్టెంబర్ 21 తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్ వాడకూడదు.

బదులుగా వాక్యూమ్ మెటలైజింగ్ (గాలి తీసేసిన గదిలో లోహపు ఆవిరిని పల్చగా పట్టించడం) ఉంది: యూవీ కాంతితో గట్టిపడే బేస్, 0.1 మైక్రాన్ లోపు అల్యూమినియం, పైన యూవీ టాప్. బేస్ అద్దంలా నునుపుగా లేకపోతే మెరుపు రాదు. చిన్న అంచులకూ అక్షరాలకూ హాట్ స్టాంపింగ్ ఫాయిల్ (వేడితో నొక్కి అంటించే మెరుపు రేకు) చాలు. వీటిలో దేనికీ ప్లేటింగ్‌కున్న లోహపు చల్లదనం, గట్టితనం రావు. రోజూ చేయి పడే హ్యాండిల్‌కు వాడేముందు ఆలోచించండి.

ప్రశ్న: క్లియర్‌లో చేపకళ్లలా గుండ్రటి గుంటలు. ఎంత తుడిచినా వస్తున్నాయి.

సిలికాన్ లేదా నూనె. తుడిస్తే పోదు సరికదా, గుడ్డతో అంతటా పాముతుంది. ముందు మూలం తేల్చండి. శుభ్రమైన గాజు పలక మీద అదే గన్‌తో అదే క్లియర్ కొట్టండి. గాజు మీదా గుంటలు పడితే లోపం పెయింట్‌లోనో, కంప్రెసర్ గాలిలోని నూనెలోనో ఉంది, ఫిల్టర్ చూడండి. గాజు బాగుండి భాగం మీదే పడితే మౌల్డ్ రిలీజ్ స్ప్రే వైపు వెళ్లండి. భాగం అంటుకోకుండా కొట్టే ఆ స్ప్రే అవసరం పడుతోందంటే డ్రాఫ్ట్ చాలకనో, మౌల్డ్ పాలిష్ సరిగా లేకనో. అది సరిచేసి, సిలికాన్ డబ్బాలను పెయింట్ చేసే భవనంలోకే రానివ్వకండి.