అంత ఖరీదైన మందు ఎక్కించాక కూడా జ్వరం ఎందుకొచ్చింది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మనవడికి మూడేళ్లు. జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, ఎర్రబడ్డ కళ్లు చూసి తట్టు అనుకున్నాం. ఆరో రోజున కాకినాడ తీసుకెళితే కవాసాకి జబ్బన్నారు. ఐవీఐజీ అని చాలా ఖరీదైన మందు రాత్రంతా ఎక్కించారు. తగ్గినట్టే తగ్గి, రెండు రోజులకు మళ్లీ జ్వరం. ఎకో (గుండె స్కానింగ్)లో గుండె రక్తనాళం కాస్త ఉబ్బిందన్నారు. మళ్లీ అదే మందుతో పాటు స్టిరాయిడ్ ఇచ్చారు. ఇప్పుడు జ్వరం లేదు, ఆస్పిరిన్ వేస్తున్నాం. మొదట ఎక్కించింది నకిలీ మందా? పిల్లాడి గుండెకి ఏమవుతుంది?
– ఒక నాయనమ్మ, కోనసీమ

జవాబు: నకిలీ అయ్యుండదమ్మా. కవాసాకి అంటే చిన్నపిల్లల్లో రక్తనాళాలు వాచే జబ్బు. దానికిచ్చే ఐవీఐజీ, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు. ఈ జబ్బు పిల్లల్లో నూటికి పది నుంచి ఇరవై మందికి మొదటి డోసుతో జ్వరం లొంగదు. మందు పూర్తయ్యాక 36 గంటలు దాటినా జ్వరం ఉన్నా, పోయి మళ్లీ వచ్చినా జబ్బు మొండికేసిందనుకుంటాం. అప్పుడు రెండో డోసో, స్టిరాయిడో, ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇంజెక్షనో ఇవ్వాలి. మీ డాక్టర్లు అదే చేశారు. గుండె నాళాలు దెబ్బతినేది ఇలాంటి పిల్లల్లోనే ఎక్కువ. రెండోసారి జ్వరం వచ్చిందంటే మాకూ టెన్షనే.

ఆరో రోజున వెళ్లడం ఆలస్యం కాదు. జ్వరం మొదలైన పది రోజుల్లోపు మందు పడాలి. మన వైపు జ్వరమంటే ముందు డెంగీ, టైఫాయిడ్ పరీక్షలు, తర్వాత యాంటీబయాటిక్ మార్చడం. అంతలో వారం గడిచిపోతుంది. పుసి లేని ఎర్ర కళ్లు, పగిలిన పెదవులు, ఎర్రటి నాలుక, ఉబ్బిన చేతులు కాళ్లు, కొందరిలో ఎర్రబడ్డ బీసీజీ మచ్చ: ఇవన్నీ కలిపి చూడాల్సిందే. 1967లో జపాన్ డాక్టర్ తొమిసాకు కవాసాకి ఈ జబ్బు గురించి రాశారు. ఇప్పటికీ దీన్ని తేల్చి చెప్పే రక్తపరీక్ష ఒక్కటీ లేదు.

ఇక గుండె సంగతి. గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే కరోనరీ నాళం గోడ వాచి, వరదకు నానిన కాలవగట్టులా మెత్తబడి బయటికి ఉబ్బుతుంది. మందు పడకపోతే నలుగురిలో ఒకరికి ఇలా అవుతుంది. వేళకు పడితే నూటికి నలుగురైదుగురికే. చిన్న ఉబ్బు చాలామందిలో ఏడాది రెండేళ్లలో మామూలు కొలతకు వస్తుంది. అసలు భయం 8 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న ఉబ్బుతోనే. అందులో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. అందుకే ‘కాస్త’ అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఎన్ని మిల్లీమీటర్లు, జడ్ స్కోరు (పిల్లాడి ఒంటి సైజుకి నాళం ఎంత ఎక్కువ ఉబ్బిందో చెప్పే లెక్క) ఎంత అని అడిగి రాసుకోండి. మళ్లీ ఎకో ఎప్పుడో కూడా అడగండి. జ్వరం లేదని దాన్ని మానేసేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు. ఒళ్లు వెచ్చబడితే ఐబుప్రొఫెన్ సిరప్ పోయకండి, అది ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ గానీ ఫ్లూ గానీ వస్తే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. ఆస్పిరిన్ వేసుకునే పిల్లలకు అవి సోకితే అరుదుగా కాలేయం, మెదడు దెబ్బతింటాయి. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు ఐవీఐజీ తర్వాత 11 నెలలు ఆగాలి. ఏఎన్ఎమ్ గారికి ఈ మాట ముందే చెప్పండి. వేళ్ల చివర తోలు ఊడితే కంగారుపడొద్దు, ఈ జబ్బులో అది మామూలే.