సీసాల్లో పోసే ముందు ఆగు, నానీ

నానీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వీడు డాలస్‌లో ఇంట్లోనే బీరు కాస్తాడట అన్నయ్యా, నువ్వైనా చెప్పు" అంది. చిన్నప్పుడు మా ఊళ్ళో సారా బట్టీల మీద పోలీసులు పడటం చూసింది కదా, దాని భయం దానిది. సారా వేరు, బీరు వేరు అని చెప్పాను. 1978లో అప్పటి అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంటి వాడకానికి బీరు చేసుకోవచ్చు. పెద్దవాళ్ళు ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరుంటే 200. అమ్మకూడదు, అంతే. అనుమతి లేకుండా బట్టీ పెట్టి స్పిరిట్ తీయడం మాత్రం నేరం, ఆ జోలికి సరదాకి కూడా పోకు.

దానికి నచ్చజెప్పి ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. పెరుగు తోడు పెట్టడం రాని పిల్లాడివి, బీరును పులియబెట్టే ఈస్ట్ గురించి చదువుతున్నావంటే గర్వంగానే ఉంది. భయం ఎందుకో కింద రాస్తాను.

మొదటిసారి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తోనే (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన పాకం) చెయ్యి, 5 గ్యాలన్లు చాలు. అది వేడి నీళ్ళలో పోసేటప్పుడు స్టవ్ ఆపు, లేకపోతే అడుగంటుతుంది. మరిగేటప్పుడు పొంగు వచ్చి తగ్గేదాకా పక్కనుంచి కదలకు. చల్లారాక బీరుకు తగిలే ప్రతి వస్తువునూ శానిటైజర్‌లో ముంచు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే మీ అమ్మమ్మ ఎలా అరిచేదో గుర్తుంది కదా, ఆ పట్టింపు కావాలి. ఈస్ట్ వేశాక డ్రమ్మును 18–20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచు. మీ గరాజ్ ఎండకి కాలిపోతుంది, అక్కడ వద్దు.

హాప్స్ అంటే బీరుకు చేదూ వాసనా ఇచ్చే పువ్వులు, వాటిలో కాస్కేడ్ ఒక్కటే తీసుకో. 1972లో మా ఆరెగాన్ నుంచే బయటికొచ్చిన రకం. ఓసారి కోతల టైములో, పక్క రాష్ట్రం వాషింగ్టన్‌లో హాప్స్ పండించే యాకిమా వెళ్ళి ఒక పువ్వు అరచేతిలో నలిపి చూశాను. పసుపు లాంటి పొడి అంటుకుని, పంపరపనస తొక్క గిల్లినట్టు వాసన వచ్చింది. సాయంత్రం దాకా చెయ్యి కడుక్కోబుద్ధి కాలేదు. గంటసేపు మరిగిన హాప్స్ చేదునిస్తాయి, చివర్లో వేసినవి ఆ వాసననిస్తాయి. మరిగించిన పిప్పిని మూత లేని చెత్తబుట్టలో పడెయ్యకు. నీ కుక్క తిందంటే ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. ఇది మర్చిపోయావంటే నేను ఊరుకోను.

ఇప్పుడు అసలు సంగతి. మన చిన్నికి ఆరేళ్ళప్పుడు నేను మొదటిసారి పేల్ ఏల్ అనే రకం బీరు చేశాను. సంక్రాంతికి ఫ్రెండ్స్‌ని పిలిచాను, ఆ తొందర ఒకటి. పులియడం ఆగింది, హైడ్రోమీటర్ (బీరు ఎంత చిక్కగా ఉందో కొలిచేది, చక్కెర తగ్గేకొద్దీ అంకె దిగుతుంది) 1.014 చూపించింది. అయిపోయిందనుకుని, వాసన కోసం డ్రమ్ములో మరో రెండు ఔన్సుల హాప్స్ వేశాను. మూడో రోజు మళ్ళీ కొలవకుండా, సీసాలో గ్యాస్ పుట్టడానికి వేసే చక్కెర కలిపి సీసాల్లో నింపేశాను. ముందే కొలిచాను కదా, మళ్ళీ ఎందుకు అనుకున్నాను. పెట్టెల్ని హాల్లో చెప్పుల అల్మారాలో పెట్టాను. పక్కనే హీటరు, వెచ్చగా ఉంటుందని.

భోగికి మూడు రోజుల ముందు, రాత్రి రెండింటికి తుపాకీ పేలినట్టు శబ్దం. పరిగెత్తేలోపు ఇంకొకటి. నేను తలుపు తీయబోతే మీ అత్తయ్య నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగింది. అప్పుడే మూడోది పగిలింది. తలుపు లోపలి వైపు టకటకా గాజు తగలడం విన్నాం.

తెల్లారాక మందపాటి కోటు, తోలు గ్లౌజులు, కళ్ళకు రక్షణ అద్దాలు వేసుకుని, పెట్టెల మీద దుప్పటి కప్పి బాల్కనీలో చలికి పెట్టాను. బాగా చల్లబడ్డాక ఒక్కొక్క మూతా వదులు చేశాను. తర్వాత అల్మారా ఊడుస్తుంటే చిన్ని గులాబీ రంగు వానబూటులో రెండంగుళాల గాజుముక్క కనిపించింది. ఆ బూట్ల కోసమే ముందు రోజు సాయంత్రం అది ఆ పెట్టెల మధ్య కూర్చుంది. మీ అత్తయ్య నన్నొక్క మాట అనలేదు. ఆ బూటు తీసుకెళ్ళి, లోపల చెయ్యి పెట్టకుండా, ట్యూబులైటు కింద చాలాసేపు తిప్పి తిప్పి చూసింది.

మిగిలిన బీరులో గ్యాస్ పోగొట్టి కొలిస్తే 1.010. హాప్స్‌లోనూ ఎంజైములుంటాయి నానీ. ఈస్ట్ తినలేక వదిలేసిన పిండిపదార్థాన్ని అవి చక్కెరగా విరగ్గొడతాయి, పడుకున్న ఈస్ట్ మళ్ళీ లేస్తుంది. సీసాలో ఇలా నాలుగు పాయింట్లు (1.014 నుంచి 1.010కి) దిగితే, మనం కలిపే చక్కెరతో వచ్చేంత గ్యాస్ ఇంచుమించు ఇంకోసారి తయారవుతుంది. మామూలు సీసా ఎక్కడ తట్టుకుంటుంది?

కాబట్టి చివరి హాప్స్ వేశాక, మూడు రోజుల ఎడంతో రెండుసార్లు కొలువు. రెండూ ఒకటే అయితేనే సీసాల్లోకి. కాస్త తేడా ఉన్నా ఆగు, ఎవరు ఎదురు చూస్తున్నా సరే. చక్కెర కప్పుతో కొలవకు, 5 గ్యాలన్లకు త్రాసులో 110 గ్రాములు తూచు. గోధుమరంగు సీసాలే వాడు, పగుళ్ళున్నవి పారెయ్యి. నింపాక మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, మనుషులు తిరగని చోట పెట్టు.

నా హైడ్రోమీటర్ నీకు పార్శిల్ చేస్తున్నాను. గాజుది, మెల్లగా విప్పు. రెండు రీడింగులూ ఫోటో తీసి పంపు, నేను చూశాకే సీసాల్లో పొయ్యి. రాత్రి ఎంతయినా పర్వాలేదు, ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

మీ మామయ్య