టిష్యూ కల్చర్ చదివితే బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీఎస్సీ బోటనీ, బయోటెక్నాలజీ రెండో ఏడు పూర్తి చేసింది. ఎమ్మెస్సీలో టిష్యూ కల్చర్, పువ్వుల నిర్మాణం చదువుతానంటోంది. "నర్సరీ పనికి ఎమ్మెస్సీ ఎందుకు?" అంటున్నారు బంధువులు. టెన్షన్‌గా ఉంది. కంప్యూటర్ కోర్సులో చేర్చమంటారా?

జవాబు: బంధువుల మాట పట్టుకుని అమ్మాయి దారి మార్చకండి సార్. అలాగని మీ భయం ఉత్తదేనని కూడా అనను. మీ అమ్మాయి చెప్పింది ఒక చదువు కాదు, రెండు. వాటి ఖర్చూ, పట్టే కాలమూ వేరు. అది తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

టిష్యూ కల్చర్ అంటే ముందు చేతిపని. అనంతపురం, పులివెందుల రైతులు నాటే జీ-9 అరటి ల్యాబ్‌లో పుట్టిన మొక్కే. అరటి పిలక మొగ్గను శుభ్రం చేసి, చిన్న ముక్క కోసి, సీసాలో జెల్లీలాంటి మీడియంలో పెడతారు. 1962లో మురషిగే, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు తయారుచేసిన మీడియమే ఇప్పటికీ ఎక్కువ ల్యాబుల్లో వాడతారు. లీటరుకు 30 గ్రాముల చక్కెర, లవణాలు, హార్మోన్లు కలిపి 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేస్తారు, అంటే ఆవిరి ఒత్తిడితో క్రిములు చంపుతారు. హార్మోన్లలో సైటోకైనిన్ మోతాదు ఎక్కువైతే పిలకలు, ఆక్సిన్ ఎక్కువైతే వేళ్ళు వస్తాయి.

రాతలో ఇంత తేలిగ్గా ఉంటుంది. ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ ఎమ్మెస్సీలో ఇదే చేశాను. నలభై సీసాలు పెట్టి నాలుగో రోజు చూస్తే సగానికి పైగా సీసాల్లో ముక్క చుట్టూ తెల్లటి బూజు. ఫోర్‌సెప్స్‌ను మంట మీద సరిగ్గా కాల్చలేదు, అంతే. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టాను. ఈ పనిలో నిలబడేవాళ్ళు అలాంటి రోజున ఇంటికి పోకుండా కొత్త మీడియం కలిపేవాళ్ళే.

ఉద్యోగం సంగతికొస్తే, బీఎస్సీతో ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరొచ్చు. జీతం తక్కువతోనే మొదలవుతుంది, ఇది దాచి చెప్పడం నాకిష్టం లేదు. ఎమ్మెస్సీ ఉంటే ప్రొడక్షన్, నాణ్యత, హార్డెనింగ్ (ల్యాబ్ మొక్కను బయటి వాతావరణానికి అలవాటు చేయడం) బాధ్యతలు చూసే స్థాయికి ఎదగొచ్చు.

రెండోది పువ్వుల శాస్త్రం. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మీ అమ్మాయి మనసు ఇక్కడే ఉందనిపిస్తోంది. మీ వీధిలో ముద్దమందారం ఉంటే ఒక పువ్వు కోసి విప్పి చూడండి. ఒంటిరెక్క మందారంలో ఐదు రెక్కలు, మధ్యలో కేసరాల కాడ ఉంటాయి. ముద్దమందారంలో ఆ కేసరాలే రెక్కలైపోయి ఉంటాయి. కొన్ని రెక్కల అంచున పుప్పొడి సంచి సగం మిగిలి పసుపుపచ్చగా కనిపిస్తుంది కూడా. రెక్క కావాలా, కేసరం కావాలా అన్నది జన్యువులే తేలుస్తాయని 1991లో కోయెన్, మెయెరోవిట్జ్ అనే శాస్త్రవేత్తలు ఒక నమూనా ఇచ్చారు. ఆ జన్యువులు చేసేవి ఏ, బీ, సీ అని మూడు రకాల పనులు. ఏ ఒక్కటే ఉంటే రక్షకపత్రాలు, ఏ బీ కలిస్తే రెక్కలు, బీ సీ కలిస్తే కేసరాలు, సీ ఒక్కటే ఉంటే అండకోశం. మన బెంగళూరులోనే ఐఐఎస్‌సీలో ఉషా విజయరాఘవన్ వరి పూల మీద ఇలాంటి జన్యువులనే పరిశోధించారు.

ఈ దారి పీహెచ్‌డీ దాకా వెళ్తుంది. ఏళ్ళు పడుతుంది. కానీ మీరు ఇంటినుంచి డబ్బు పంపుతూ కూర్చోనక్కర్లేదు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఫెలోషిప్. ఐఐఎస్‌సీలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిసిన ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు, జీకేవీకే ప్రాంగణంలోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి జేజీఈఈబిల్స్ (JGEEBILS), కేంద్ర బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) సాయంతో నడిచే ఎమ్మెస్సీలకు గాట్-బీ రాయాలి.

మరి ఈ రెంటికీ సంబంధమే లేదా అంటే, ఏలూరు వైపు తోటల్లో కనిపించే పామాయిల్ చెట్టు కథ చెప్పాలి. మేలైన పామాయిల్ చెట్టును టిష్యూ కల్చర్‌తో వేలల్లో పెంచితే దిగుబడి బాగుంటుందని మలేషియా మొదలుకొని చాలాచోట్ల ప్రయత్నించారు. మొక్కలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఏళ్ళ తర్వాత పూత వచ్చాక కొన్ని చెట్లలో కేసరాలు కావాల్సినవి అండకోశపు ముక్కల్లా మారాయి. కాయలు వికృతమై నూనె పడిపోయింది. దీన్ని మాంటిల్డ్ అంటారు. కారణం 2015లో తేలింది. పూలలో బీ పని చేసే ఒక జన్యువు లోపల కర్మ అనే డీఎన్‌ఏ ముక్క ఉంది. దానిమీద ఉండాల్సిన మిథైల్ అనే రసాయన గుర్తులు ల్యాబ్‌లో పెరిగేటప్పుడు చెరిగిపోయాయి. జన్యువులో అక్షరం మారలేదు, గుర్తు మాత్రమే పోయింది. సీసాలో జరిగిన తప్పు పువ్వులో బయటపడింది. అలాంటి చెట్లు నాటిన రైతు కోల్పోయిన ఏళ్ళు తలచుకుంటే, రెండూ తెలిసిన మనిషి ఎంత అవసరమో నాకు అర్థమవుతుంది. "నర్సరీ పని" అన్న మాటకు మీ బంధువులకు ఈ సంగతే చెప్పండి.

అందుకే నా సలహా, ఈ సెలవుల్లో రెండు నెలలు ఏదైనా ల్యాబ్‌లో చేర్పించండి. హెసరఘట్టలో ఐఐహెచ్‌ఆర్ అనే ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, నగరం చుట్టూ ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. కాలేజీ లెటర్‌తో తనే అడగాలి, మీరు వెంట వెళ్ళొద్దు. చూడ్డం కాదు, సీసాలు తన చేతుల్తో పెట్టాలి. తిరిగొచ్చాక మీరొక్కటే అడగండి: "పాడైన సీసా చూసినప్పుడు నీకేమనిపించిందమ్మా?" మళ్ళీ సరిగ్గా చేయాలనిపించిందంటే టిష్యూ కల్చర్ ఎమ్మెస్సీ వైపు పంపండి. ఎందుకిలా అయిందో తెలుసుకోవాలని నిద్ర పట్టలేదంటే, మూడో ఏడు మొదలుకాగానే జామ్‌కు చదవడం మొదలుపెట్టమనండి. ఆ పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది.