కెమిస్ట్రీ, పియానో కలిసే ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. చిన్నప్పటి నుంచి పియానో నేర్చుకుంది. యూరప్‌లో మధ్యయుగాల నాటి సంగీత రాతప్రతుల సిరాలను ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలతో పరిశోధిస్తానంటోంది. దీంతో బతుకు గడుస్తుందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ అమ్మాయి గాలిలో మేడలు కట్టడం లేదు.

ఆ రోజుల్లో అక్కడ ఎక్కువగా వాడిన సిరాలో ఉన్నవి మన పచారీ కొట్లో దొరికే సరుకుల్లాంటివే: మాచికాయ, అన్నభేది (ఇనుము ఉన్న లవణం), తుమ్మబంక. ఇంకో రకం దీపం మసితో చేసేవారు. పాతబడిన పేజీ మీద ఈ రెండింటినీ కంటితో పోల్చుకోవడం కష్టం. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను పట్టే కెమెరాతో చూస్తే మాచికాయ సిరా పలచబడుతుంది, 1000 నానోమీటర్లు దాటేకొద్దీ దాదాపు మాయమవుతుంది. మసిలోని కార్బన్ ఆ కిరణాలను పీల్చుకుంటుంది కాబట్టి మసి సిరా నల్లగానే ఉండిపోతుంది. ఒక పాటలో స్వరాలన్నీ మాయమై రెండు మాత్రం నల్లగా మిగిలాయంటే, ఆ రెండూ వేరే సిరాతో రాసినవన్నమాట. తర్వాత ఎవరైనా దిద్దారా? మొదట పాడిన స్వరం ఏది? పేజీని గోకకుండానే ఇంత దూరం వెళ్లొచ్చు. నాకైతే ఇది చాలా గొప్ప పని.

అయితే ఇన్‌ఫ్రారెడ్ ఒక్కటే చాలదు. రెండూ మాచికాయ సిరాలే అయితే రెండూ ఒకేలా మాయమవుతాయి. అప్పుడు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్‌తో, అంటే ఎక్స్‌రేలు పడేసి ఏ లోహాలున్నాయో కనిపెట్టే పద్ధతితో, ఇనుము పక్కన రాగి, జింకు ఎంతున్నాయో చూస్తారు. ఇలాంటి పనికి ఒక ఉదాహరణ చెబుతాను. ఇటలీలో ఫ్లోరెన్స్‌లోని శాన్ లొరెంజో చర్చి రాతప్రతిలో పాటలు చెరిపేసి ఆస్తుల లెక్కలు రాసుకున్నారు. రకరకాల వెలుతురుల్లో ఫొటోలు తీసి ఆ పాటలను మళ్లీ చదివారు. కాబట్టి ముందు అనలిటికల్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేయించండి. ఆ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్సర్వేషన్ చదవొచ్చు. పరిశోధనకైతే హాంబర్గ్ విశ్వవిద్యాలయంలోని రాతప్రతుల కేంద్రం, బెర్లిన్‌లోని బామ్ (పదార్థాలను పరీక్షించే జర్మనీ ప్రభుత్వ సంస్థ) ఇలాంటి పనికి పేరున్నవి. ఈలోగా కొంచెం లాటిన్ నేర్చుకోవాలి.

ఉద్యోగాలు తక్కువ, అది దాచను. పీహెచ్‌డీ తర్వాత కూడా కొన్నేళ్లు కాంట్రాక్టు మీదే గడవొచ్చు. కానీ చెక్కు మీద అంకె దిద్దారేమోనని ఫోరెన్సిక్ ల్యాబుల్లో పరీక్షించేది కూడా ఇన్‌ఫ్రారెడ్‌తోనే. ఆ తలుపు తెరిచే ఉంటుంది.

చదువు పేరు చెప్పి పియానో మాత్రం మాన్పించకండి. స్వరలిపి చదవడం రాని కెమిస్టుకు, పేజీలో ఏ గుర్తు మీద కెమెరా పెట్టాలో తెలియదు.