టెక్ సందేహాలు: బండ్ల స్టిక్కరింగ్‌కి ఏ కట్టర్ కొనాలి?

ప్రశ్న: తాడేపల్లిగూడెంలో మాకు రేడియం షాపు ఉంది. స్కూలు బస్సులు, ట్రావెల్స్ వ్యాన్లు, షాపుల అద్దాల మీద అక్షరాలు... ఆర్డర్లు పెరిగాయి. కంప్యూటర్‌లోని డిజైన్ ప్రకారం స్టిక్కర్ షీటుని కోసే కట్టర్ కొనాలనుకుంటున్నాం. నాలుగడుగుల చైనాది ఒకటి చూశాం. ఇంకొంచెం డబ్బు వేస్తే పేరున్న కంపెనీ రెండడుగుల మెషీన్ వస్తుందంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీరు చెప్పిన పనులకైతే రెండడుగుల మంచి మెషీనే తీసుకోండి. కట్టర్ అనగానే అందరూ ముందు వెడల్పు చూస్తారు. బండ్ల పని చేసేవాళ్లు ముందు చూడాల్సింది ట్రాకింగ్. అంటే నాలుగైదు మీటర్ల షీటు ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు నడిచినా పక్కకి జరగకుండా ఉండటం.

కట్టర్‌లో బ్లేడ్ అడ్డంగా మాత్రమే కదులుతుంది, నిలువుగా కదిలేది షీటే. కింద గరుకు రోలర్లు, పైన నొక్కిపట్టే పించ్ రోలర్లు దాన్ని పట్టుకుని లాగుతాయి. ఒక్క అక్షరం కట్ అయ్యేలోపే షీటు చాలాసార్లు వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. రోలర్ల ఒత్తిడి రెండు వైపులా సమానంగా లేకపోయినా, రోల్ కాస్త వంకరగా ఎక్కించినా షీటు పక్కకి లాగేస్తుంది. మీటరుకు అర మిల్లీమీటరు జరిగితే నాలుగు మీటర్ల గీత చివరికొచ్చేసరికి తేడా రెండు మిల్లీమీటర్లు. గాజు తలుపు మీది చిన్న పేరులో అది కనిపించదు. బస్సు పక్క పొడుగునా నడిచే చారల్లో, ఒక ముక్క ఇంకో ముక్కకి అతికేచోట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. షీటు మరీ జరిగితే అంచు రోలర్ కింద నుంచి తప్పుకుని నలిగిపోతుంది. అప్పుడు మెటీరియల్ మొత్తం వృథా.

మోటారు సంగతీ అడగండి. చవక మెషీన్లలో చాలావాటికి స్టెప్పర్ మోటార్ ఉంటుంది. ఆజ్ఞ ప్రకారం అది కదిలిందో లేదో మెషీన్‌కి తెలియదు. వేగం పెంచితే ఒక్కోసారి అడుగు తప్పుతుంది, వంపులు మెట్లుమెట్లుగా వస్తాయి. సర్వో మోటారు తన స్థానాన్ని తానే సరిచూసుకుంటుంది, చప్పుడూ తక్కువే. జపాన్ కంపెనీ గ్రాఫ్‌టెక్ సీఈ7000-60, రోలాండ్ జీఎస్2-24 రెండడుగుల తరగతిలో నమ్మదగ్గవి. పెద్ద సైజులో గ్రాఫ్‌టెక్ ఎఫ్‌సీ9000, 64 అంగుళాల రోలాండ్ జీఆర్2-640, బెల్జియం కంపెనీ సుమ్మా యంత్రాలు ఉన్నాయి. అవి మీ బడ్జెట్‌లోకి వస్తే ఈ చర్చే అక్కర్లేదు, పెద్దదే తీసుకోండి.

వెడల్పు విషయంలో ఒక మాట. చైనా మెషీన్ల పేర్లలో 720, 1350 అని ఉండే అంకెలు సాధారణంగా లోపలికి పట్టే షీటు వెడల్పువి, మిల్లీమీటర్లలో. కట్ అయ్యే వెడల్పు అంతకంటే తక్కువ ఉంటుంది కాబట్టి డీలర్‌ని దాని గురించే అడగండి. మంచి మెషీన్లలోనూ ఈ తేడా ఉంది. జీఎస్2-24 కట్ చేసేది 584 మిల్లీమీటర్లే. మీ అవసరాలకి అది చాలు. బస్సు మీద స్కూలు పేరు రెండడుగుల ఎత్తు దాటేది అరుదు. దాటినా రెండు ప్యానెల్స్ చేసి, కలిసేచోట ఐదారు మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అతికించొచ్చు.

ఎక్కడ చాలదంటే, బండి మొత్తానికి వేసే ర్యాప్ ఫిల్మ్, పెయింట్‌ని కాపాడే పారదర్శక ఫిల్మ్ (పీపీఎఫ్) పనుల్లో. వాటి రోల్స్ 1.52 మీటర్ల వెడల్పున వస్తాయి. ఆ వ్యాపారంలోకి దిగాలనుకుంటే నాలుగడుగులది కూడా సరిపోదు, 64 అంగుళాలది కావాలి.

బయట ఎకో సాల్వెంట్ (స్టిక్కర్ షీటు మీద రంగుల ఇంకుతో తీసే) ప్రింట్ తీయించి బొమ్మ అంచు వెంట కట్ చేసే పని ఉంటే ఆప్టికల్ సెన్సర్ ఉన్న మెషీనే తీసుకోండి. ప్రింట్ మూలల్లోని నల్ల గుర్తుల్ని అది చదువుకుని, ప్రింట్ కొంచెం సాగినా వంగినా లెక్క సవరించుకుంటుంది. లేజర్ చుక్క చూసి చేత్తో సరిపెట్టుకునే మెషీన్లతో పొడుగు పనుల్లో టెన్షన్ తప్పదు. ప్రింట్‌కి ఇచ్చేటప్పుడే ఫైల్‌ని మీ మెషీన్‌లో పట్టే వెడల్పుకి ప్యానెల్స్‌గా సర్ది, ప్రతి ప్యానెల్‌కీ విడిగా గుర్తులు పెట్టించండి.

వెలుతురు పడితే మెరిసే రిఫ్లెక్టివ్ (రేడియం) షీటుకి బ్లేడ్ ఒత్తిడి ఎక్కువ కావాలి. సాదా వినైల్‌కి (మామూలు ప్లాస్టిక్ స్టిక్కర్ షీటుకి) వంద గ్రాముల అటూఇటూ సరిపోతుంది, దీనికి రెట్టింపు దాకా పోవచ్చు. 45 డిగ్రీల బ్లేడ్ తీసి 60 డిగ్రీలది పెట్టండి. ఈ షీటులో గాజు పూసలుంటాయి కాబట్టి బ్లేడ్ తొందరగా అరుగుతుంది. మామూలు పనికి వేరే బ్లేడ్ ఉంచుకోండి. పెట్టుబడి లెక్కలో మాత్రం నంబర్ ప్లేట్ల పనిని కలపకండి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లన్నీ హై సెక్యూరిటీ ప్లేట్లతోనే రావాలి. లారీలకు అంటించే మెరిసే టేపు కూడా ఏఐఎస్-090 అనే వాహన ప్రమాణం ప్రకారం తయారైందే ఉండాలి. మామూలు రేడియం షీటు కోసి అంటిస్తే కుదరదు.

డబ్బు కట్టే ముందు డీలర్ దగ్గరే ఒక పరీక్ష చేయించండి. ఐదు మీటర్ల పొడుగు దీర్ఘచతురస్రం గీసి, అంచుల వెంట అక్కడక్కడా ప్లస్ గుర్తులు పెట్టండి. బ్లేడ్ బదులు పెన్ను బిగించి, ముందు షీటు మొత్తాన్ని ఒకసారి బయటికి లాగి వెనక్కి తెచ్చాక గీయించండి. షీటు కదపకుండా, అదే మూలబిందువు నుంచి రెండోసారి గీయించండి. చివరి ప్లస్ మీద రెండో గీత మొదటిదానిపైనే పడితే ట్రాకింగ్ బాగున్నట్టు. జంట గీతలు కనిపిస్తే ఆ మెషీన్ వద్దు. పరీక్షకి ఒప్పుకోని డీలర్ దగ్గర కొనకండి. బ్లేడ్లు, పించ్ రోలర్లు, బ్లేడ్ కింది కటింగ్ స్ట్రిప్ విజయవాడలోనో హైదరాబాద్‌లోనో దొరుకుతాయా అనీ అడగండి. స్ట్రిప్‌లో గాడి పడితే ఎంత ఖరీదైన మెషీనైనా ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన కోస్తుంది.

ప్రశ్న: తెలుగు పేర్లు కట్ చేస్తే అక్షరాల మధ్యలో అడ్డగీతలు పడుతున్నాయి. ఇంగ్లిష్‌లో ఈ బాధ లేదు. మెషీన్ లోపమా? (కర్నూలు)

జవాబు: మెషీన్ లోపం కాదు. పాత తెలుగు ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు విడివిడి ముక్కలు. పక్కపక్కన టైప్ చేస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ప్రింట్‌లో నలుపు మీద నలుపు కాబట్టి తెలియదు. కట్టర్ మాత్రం ప్రతి ముక్క అంచూ కోస్తుంది. కోరల్‌డ్రాలో అక్షరాలని కర్వ్స్‌గా మార్చాక, ఎక్కిన ముక్కల్ని ఎంచుకుని వెల్డ్ చేయండి, అంటే అన్నీ కలిపి ఒకే ఆకారం చేయండి. ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలోని యూనియన్ అదే పని చేస్తుంది. కట్టర్‌కి పంపే ముందు, అంచు గీతలు మాత్రమే చూపే వైర్‌ఫ్రేమ్ వ్యూలో చూడండి. అక్షరం లోపల ఏ గీత కనిపించినా బ్లేడ్ అక్కడ దిగుతుంది. ఒత్తులు మరీ సన్నగా ఉంటే వేస్ట్ తీసేటప్పుడు లేచిపోతాయి. చిన్న సైజులకి లావు ఫాంటే వాడండి.

ప్రశ్న: కంప్యూటర్ విండోస్ 11కి మార్చాక పాత కట్టర్ పనిచేయడం లేదు. (ఖమ్మం)

జవాబు: డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ విభాగం చూడండి. పీఎల్2303 పేరుతో, ఈ చిప్‌ని 2012లోనే నిలిపేశాం అన్న అర్థంలో సందేశం ఉంటే సమస్య కట్టర్‌ది కాదు, యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే చిప్‌ది. విండోస్ 11లో దానికి తయారీదారు మద్దతు లేదు. కట్టర్‌కి విడిగా సీరియల్ పోర్ట్ ఉంటే ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ కొనండి. కొత్త కామ్ పోర్ట్ నంబర్‌ని, పాత బాడ్ రేట్‌ని (డేటా పంపే వేగాన్ని) కటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ సెట్ చేయండి. సీరియల్ పోర్ట్ లేకపోతే పాత విండోస్ 10 కంప్యూటర్ ఒకదాన్ని ఇంటర్నెట్‌కి కలపకుండా కట్టర్ కోసమే ఉంచి, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.