పర్యావరణం మీద రీసెర్చ్ చేయాలంటే కెమిస్ట్రీ వదిలేయాలా?

మీ అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్, యూనివర్సిటీలో పర్యావరణం మీద రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది, దానికోసం కెమిస్ట్రీ వదిలేసి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీకి మారతానంటోంది, అసలు ఇందులో భవిష్యత్తు ఉందా అని అడిగారు కదమ్మా. రీసెర్చ్ చేయనివ్వండి. కెమిస్ట్రీ మాత్రం వదలనివ్వకండి.

ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మంచి కోర్సే, నేను కాదనను, కానీ అందులో అన్నీ కొంచెం కొంచెం చెప్తారు, ల్యాబ్‌లో గైడ్‌కి కావాల్సింది ఒక్క పనైనా గట్టిగా వచ్చినవాళ్ళు. ఉదాహరణకి మారియో మొలీనానే తీసుకోండి, ఆయన కెమిస్ట్. పీహెచ్‌డీ అయ్యాక 1973లో ఇర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో రోలాండ్ అనే కెమిస్ట్ దగ్గర చేరి, అప్పట్లో ఫ్రిజ్‌ల్లో స్ప్రే డబ్బాల్లో వాడిన సీఎఫ్‌సీలు అనే రసాయనాలు గాల్లో కలిశాక చివరికి ఏమవుతాయి అనే ఒక్క ప్రశ్న పట్టుకున్నారు. కింద గాల్లో వాటిని ఏదీ విడగొట్టలేదు, మెల్లగా పైకి పోయి అక్కడ అల్ట్రావయొలెట్ కిరణాలకి విడిపోయి క్లోరిన్ వదుల్తాయి, ఆ కిరణాల నుంచి మనల్ని కాపాడే ఓజోన్‌ని ఆ క్లోరిన్ తినేస్తుంది అని 1974లో ఇద్దరూ పేపర్ వేశారు. కంపెనీలు ఒప్పుకోలేదు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం సంగతి బయటికొచ్చింది, 1987లో సీఎఫ్‌సీల వాడకం తగ్గించాలని దేశాల మధ్య మాంట్రియల్ ఒప్పందం జరిగింది, 1995లో వాళ్ళిద్దరికీ, ఓజోన్ మీదే పనిచేసిన పాల్ క్రుట్జెన్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు, అదీ కెమిస్ట్రీలోనే.

పరిష్కారాల వైపు చూసినా అంతే. పెరోవ్‌స్కైట్ అనే ఒక రకం స్ఫటిక పదార్థంతో సోలార్ సెల్ 2009లో మొదటిసారి చేసినప్పుడు ఎండని కరెంటుగా మార్చే ఎఫిషియెన్సీ 4 శాతం కూడా లేదు, ఇప్పుడు ల్యాబుల్లో 25 దాటేసింది, అయినా తేమ తగిలితే పాడైపోతోంది, పైగా చాలావాటిలో సీసం ఉంటుంది. ఈ రెండూ కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు తేల్చాల్సిన సంగతులే కదా.

ఇంకోటి, రోజువారీ పని ఎలా ఉంటుందో పాపకి ముందే తెలియాలి. నీళ్ళలో మైక్రోప్లాస్టిక్స్, అంటే బాగా చిన్న ప్లాస్టిక్ ముక్కలు వెతికే ల్యాబ్‌నే తీసుకోండి, అక్కడ కాటన్ కోటే వేసుకోమంటారు, ఎందుకంటే పాలిస్టర్ బట్టల్నుంచి రాలే పోగులు శాంపిల్‌లో పడితే అవీ ప్లాస్టిక్ లెక్కలోకే వచ్చేస్తాయి. అందుకే అసలు శాంపిల్ పక్కనే శుభ్రమైన నీళ్ళతో ఒక బ్లాంక్ కూడా నడిపిస్తారు, ఆ బ్లాంక్‌లోనే పోగులు ఎక్కువ కనిపించాయంటే ఆ బ్యాచ్ మొత్తం పోయినట్టే, మళ్ళీ మొదట్నుంచి. మైక్రోస్కోప్ కింద ఫిల్టర్ పేపర్ పెట్టుకుని గంటలు గంటలు ఒక్కో ముక్కా లెక్కపెట్టడం... భూమిని కాపాడాలన్న ఆవేశం ఒక్కటే ఉంటే ఇక్కడ నెల రోజులు కూడా నిలబడలేరు, ఓపిక ఉన్న పిల్లయితే మాత్రం ఇంత తృప్తినిచ్చే పని ఇంకోటి ఉండదు, ఇది నేను మనస్ఫూర్తిగా చెప్తున్నా.

కాబట్టి కెమిస్ట్రీలోనే ఎమ్మెస్సీ, వీలైతే అనలిటికల్ వైపు, అంటే శాంపిల్‌లో ఏముందో, ఎంతుందో కొలిచే వైపు. దానికి తోడు స్టాటిస్టిక్స్, డేటా లెక్కలకి వాడే ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ ఏదో ఒకటి, ఇది అస్సలు వదలొద్దు, డేటా చేతిలో పెట్టుకుని ఏం చేయాలో తెలియక ఆగిపోయే పిల్లలు చాలామంది. ఉద్యోగాల గురించి మీ భయం నాకు అర్థమైంది, పీహెచ్‌డీ తర్వాత ప్రొఫెసర్ పోస్టులు తక్కువే, అది దాచను, కానీ నీటి శుద్ధి, బ్యాటరీ రీసైక్లింగ్, ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణానికి ఎంత నష్టమో లెక్కగట్టే లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్, ఇలాంటి చోట్ల ఇన్‌స్ట్రుమెంట్ మీద చేయి తిరిగిన కెమిస్ట్‌కి పని దొరుకుతుంది.

గైడ్ పేరు చూసి చేరొద్దని కూడా చెప్పండి. ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న స్టూడెంట్స్ ఇద్దరు ముగ్గురికి మెయిల్ పెట్టి, మీ సీనియర్లకి థీసిస్ పూర్తవడానికి ఎన్నేళ్ళు పట్టింది, తర్వాత ఎక్కడ చేరారు, ఫెలోషిప్ టైమ్‌కి వస్తోందా, ఈ మూడే అడగమనండి. వాళ్ళ జవాబులు వచ్చాక నాకు రాయండి, ఏ ల్యాబ్ అయితే బాగుంటుందో కలిసి చూద్దాం.