గడ్డివాములో ఈటె: నేర కేసులపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం ఆరుగురు స్నేహితులం. ఆదివారం సాయంత్రాలు డాబా మీద కూర్చుని తేలని కేసుల గురించి మాట్లాడుకుంటాం. గంట తిరిగేసరికి ఎవరి హంతకుణ్ని వాళ్లు పట్టుకుని అరుచుకుంటున్నారు. పద్ధతిగా సాగాలంటే ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, నారాయణగూడ

జవాబు: ఆరుగురూ ఆరు చోట్ల విని వస్తే అరుపులు తప్పవు. ఒకరు యూట్యూబ్‌లో చూసి ఉంటారు, ఒకరికి అప్పటి పేపరు వార్త గుర్తుంటుంది, ఇంకొకరికి వాళ్ల బాబాయి చెప్పిన మాటే వేదం. ముందు అందరి చేతిలో ఒకే కాగితం ఉండాలి. ఒక ఆదివారానికి ఒకే కేసు, ఒకే తీర్పు. హైకోర్టు అప్పీలు తీర్పయితే మేలు. కింది కోర్టులో ఎవరేం చెప్పారో, దాన్ని ఎందుకు నమ్మారో, ఎందుకు నమ్మలేదో అందులో ఒకేచోట దొరుకుతుంది.

తీర్పు ప్రింటు తీసి, ఆఖరి నాలుగైదు పేజీలు విడిగా కవర్లో పెట్టేయండి. మిగతాది ఒకరు పైకి చదవాలి. ప్రాసిక్యూషన్ వాదన అయిపోగానే ఆపి, డ్రాయింగ్ షీటు మీద తేదీలు, సమయాలు వరుసగా రాయండి. ప్రతి మాట పక్కనా అది ఎవరు చెప్పిందో ఉండాలి. ల్యాబ్ నివేదిక, పోస్ట్‌మార్టం, పంచనామా నీలం పెన్నుతో, కోర్టులో సాక్షి చెప్పింది ఎర్ర పెన్నుతో, పోలీసు ప్రెస్‌మీట్‌లోనో పేపర్లోనో వచ్చింది పెన్సిలుతో. పెన్సిలు ఎందుకంటే ఆ గీతల్లో సగం చెరపాల్సి వస్తుంది. తర్వాత డిఫెన్స్ వాదన చదవండి. అప్పుడు చీటీల మీద ఓటు వేయండి: శిక్షా, విడుదలా, ఏ కారణం మీద? కారణం రాయని చీటీ చెల్లదు. ఆ తర్వాతే కవరు విప్పాలి.

ఈ పద్ధతి దెబ్బతినేది ఒక్కచోటే. ఫలితం ముందే తెలిసినవాళ్లు ఒక్కరున్నా వాళ్ల ముఖం చూసి మిగతావాళ్లు అటే జరిగిపోతారు. ఆ వారం చదివే పని వాళ్లకే అప్పగించండి, ఓటు వద్దు.

నిర్దోషులని తేల్చిన తీర్పులే ఎక్కువగా ఎంచుకోండి. ఆధారాల గొలుసులో ఏ కొక్కెం తెగిందో వాటిలోనే విడమరిచి ఉంటుంది. ప్రత్యక్ష సాక్షి లేని కేసులకు సుప్రీంకోర్టు 1984లో శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో ఐదు కొలతలు చెప్పింది. ఆ ఐదూ షీటు మీద ఒక మూల రాసిపెట్టుకుంటే వాదన దారి తప్పదు. ముఖ్యమైంది ఇది: దొరికిన ఆధారాలన్నీ నిందితుడి దోషిత్వానికి తప్ప ఇంకే వివరణకూ ఇమడకూడదు. ‘అతనే అయ్యుండొచ్చు’ అనేది సరిపోదు, ‘అతనే అయి తీరాలి’ అనిపించాలి.

ప్రశ్న: అసలు కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? మామూలు మనుషులకు ఇస్తారా?
– ఓ పాఠకుడు, మలక్‌పేట

జవాబు: సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలి. లైంగిక నేరాలు, పిల్లలపై నేరాలు, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. వెతకడానికి మూడు కావాలి: పోలీస్‌స్టేషన్ పేరు, క్రైమ్ నంబరు, సంవత్సరం. ఈ మూడూ ఉంటే కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ సైట్‌లో కేసు ఇప్పుడు ఏ కోర్టులో ఉందో కూడా తెలుస్తుంది. అక్కడ కనిపించే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు (ఒక్కో కేసుకు ఒక్కో గుర్తింపు నంబరు) రాసిపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వెతికే పని ఉండదు.

చాలామంది తడబడే చోటు ఇంకొకటుంది. తెలంగాణ హైకోర్టు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విడివిడిగా పనిచేయడం మొదలైంది 2019 జనవరి 1న. అంతకు ముందటి గుంటూరు, విశాఖ కేసుల అప్పీళ్లు కూడా హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు పేరు మీదే ఉంటాయి. అమరావతి హైకోర్టు సైట్‌లో మాత్రమే వెతికి ‘లేదు’ అనుకోకండి.

తీర్పులో పొట్టి గుర్తులు చూసి బెదరొద్దు. ‘పి.డబ్ల్యు.1’ అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, తరచుగా ఫిర్యాదు చేసినవారే. ‘ఎగ్జిబిట్ పి.1’ కాగితం, ‘ఎం.ఓ.1’ వస్తువు: కత్తి, చొక్కా, ఫోను. మన దగ్గర పంచనామా సాక్షుల్ని ‘మధ్యవర్తులు’ అంటారు. వాళ్లు కోర్టులో ఏమన్నారో తప్పకుండా చూడండి. ‘పోలీసులు పిలిచి సంతకం పెట్టమన్నారు, పెట్టాను’ అని మధ్యవర్తి అన్నాడంటే ఆ స్వాధీనం బలహీనపడినట్టే. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి. అనుమానాస్పద మృతి పాత కాగితాల్లో 174వ సెక్షన్, కొత్తవాటిలో 194.

టీవీలు పెద్దక్షరాల్లో చూపించే రిమాండ్ రిపోర్టును మాత్రం జాగ్రత్తగా చదవండి. నిందితుణ్ని కస్టడీలో ఉంచాలని కోరుతూ పోలీసులు మేజిస్ట్రేటుకు ఇచ్చే కాగితం అది. దర్యాప్తు మొదట్లో వాళ్లు అనుకున్నదే అందులో ఉంటుంది. పెన్సిలుతో రాయాల్సింది.

ప్రశ్న: ‘విచారణలో నేరం ఒప్పుకున్నాడు’ అని పేపర్లో వస్తుంది. పదేళ్లకు కోర్టు వదిలేస్తుంది. ఒప్పుకున్నవాణ్ని ఎలా వదులుతారు?
– ఓ పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీ బృందంలో ఈ ఒక్క విషయం అందరికీ అర్థమైతే సగం వాదనలు తగ్గిపోతాయి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడికి వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23. దానికి ఒక చిన్న కిటికీ ఉంది. నిందితుడు చెప్పిన మాటవల్ల ఏదైనా కొత్తగా బయటపడితే, ఆ బయటపడిన దానికి సంబంధించిన మేరకు మాత్రం ఆ మాట చెల్లుతుంది.

ఆ కిటికీ కొలత తేల్చింది మన గుంటూరు జిల్లా కేసే. దేశమంతా న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదివే పులుకూరి కొట్టయ్య కేసు, 1947లో అచ్చయిన ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు) తీర్పు. నిందితుడు చెప్పినట్టు పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో, పులిపాడు చెరువు మూల పొద్దుగూకేవేళ కాపు కాయడం దగ్గర్నుంచి కొట్టి చంపడం దాకా అంతా ఉంది. చివర్న, ఈటెనూ నా కర్రనూ ఊళ్లో ఫలానా వాళ్ల వామిలో దాచాను, వస్తే చూపిస్తాను అని ఉంది. పోలీసులు వెళ్లారు, ఈటె దొరికింది. మరి ఎంత మాట చెల్లాలి?

ప్రివీ కౌన్సిల్ ఆ వాంగ్మూలాన్ని మధ్యకు కోసింది. ‘వామిలో దాచాను, చూపిస్తాను’ చెల్లుతుంది. కాపు కాశాం, కొట్టి చంపాం అన్న భాగం చెల్లదు. కారణం గమనించండి. ఆ మాటవల్ల తెలిసింది ఈటె ఎక్కడుందో, అది అక్కడ ఉందని అతనికి తెలుసన్న సంగతి. ఆ ఈటెతో అంతకు ముందు ఏం చేశారన్నది గడ్డివాములో దొరకలేదు కదా.

ఇప్పుడు తీర్పు చదివేటప్పుడు ఇలా చేసి చూడండి. ‘కత్తితో పొడిచి మూసీలో ఫలానా వంతెన కింద పడేశాను’ అనే వాక్యం వస్తే, కత్తి దొరికిందన్న మాటకు సరిపోయే ముక్క కింద మాత్రమే గీత గీయండి. మిగిలింది కొట్టేయండి. తర్వాత అడగాల్సినవి వేరు. ఆ చోటు అందరికీ కనపడేదా? పోలీసులకు అంతకు ముందే తెలుసా? కత్తి మీద రక్తం ఉందా, ఉంటే ఎవరిదో ల్యాబ్ తేల్చిందా? ల్యాబ్‌కు పంపేదాకా సీలు వేసిన కత్తి ఎవరి దగ్గరుంది? ఒప్పుకోలు ఉన్నా నిలవని కేసులు ఎక్కువగా ఈ చివరి రెండు ప్రశ్నల దగ్గరే కూలిపోతాయి. నార్కో పరీక్షను (మందిచ్చి మగతలో ప్రశ్నించడాన్ని) తిరుగులేని ఆయుధంగా చెప్పే స్నేహితులకు ఇంకో మాట: నిందితుడి ఇష్టం లేకుండా నార్కో, పాలిగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయరాదని సుప్రీంకోర్టు 2010లోనే సెల్వి కేసులో చెప్పేసింది.

ప్రశ్న: వీడియోల్లో ‘మరణం రాత్రి 11.20కి జరిగింది’ అని నిమిషాలతో సహా చెబుతారు. పోస్ట్‌మార్టంలో అంత కచ్చితంగా తెలుస్తుందా?
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: తెలియదు. వైద్యుడు చెప్పేది ‘ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల మధ్య’ అని ఒక వ్యవధి. నిమిషాలు వచ్చేది సీసీ కెమెరా నుంచో ఫోన్ రికార్డు నుంచో, శరీరం నుంచి రావు.

చల్లని దేశాల పుస్తకాల్లో శరీరం చల్లబడే వేగంతో లెక్క కడతారు. హైదరాబాద్ మే నెలలో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, శరీరం వేడి 37. చుట్టూ గాలే ఎక్కువ వేడిగా ఉంటే శరీరం దేనికి చల్లబడుతుంది? అలాంటప్పుడు ఆ లెక్క చెల్లదు. శరీరం బిగుసుకోవడం వేసవిలో ఒకటి రెండు గంటల్లోనే మొదలై త్వరగా సడలిపోతుంది, చలికాలంలో ఎక్కువసేపు ఉంటుంది. ఏసీ గదిలో అయితే మళ్లీ వేరు. అందుకే ముందు వెతకాల్సింది: గదిలో ఏసీ, ఫ్యాను నడుస్తున్నాయా, కిటికీలు మూసి ఉన్నాయా, ఎవరైనా పంచనామాలో రాశారా? రాయకపోతే సమయం మీద మీ వాదన అక్కడితో ఆపేయాలి.

‘మరణకారణంపై అభిప్రాయం రిజర్వ్’ అని ఉంటే దాచిపెడుతున్నారని అనుకోవద్దు. విషం అనుమానం ఉన్నప్పుడు జీర్ణాశయం, కాలేయం, మూత్రపిండం భాగాలను చిక్కటి ఉప్పునీటిలో భద్రపరిచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ల్యాబ్ నుంచి నివేదిక వచ్చేదాకా వైద్యుడు ఆగుతాడు.

ప్రశ్న: టవర్ లొకేషన్, డీఎన్‌ఏ రెండూ ఉంటే ఇక తిరుగులేదు కదా?
– ఓ పాఠకుడు, ఉప్పల్

జవాబు: టవర్ రికార్డు చెప్పేది ఫోను ఏ టవరు ఏ వైపు యాంటెన్నాకు తగులుకుందో. అది ఒక పెద్ద ముక్క ప్రాంతం, ఇంటి నంబరు కాదు. రద్దీ ఉన్నప్పుడు ఫోను దగ్గరి టవరు వదిలి దూరపు టవరుకు పోతుంది. పైగా ఫోను అక్కడుంటే మనిషీ అక్కడున్నాడని వేరే రుజువు కావాలి.

డీఎన్‌ఏ చాలా బలమైన ఆధారమే. హైదరాబాద్‌వాళ్లు దాని చరిత్ర గర్వంగా చెప్పుకోవచ్చు. ఇక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ 1980ల చివర్లో మన దేశపు డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతిని రూపొందించారు. ఆయన వాడిన ప్రోబ్ (డీఎన్‌ఏలో పోలికలు వెతికిపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) మూలం కట్లపాము జాతికి చెందిన ఓ పాము డీఎన్‌ఏ. కానీ డీఎన్‌ఏ ‘ఎవరిది’ అని చెబుతుంది, ‘ఎప్పుడు, ఎలా వచ్చింది’ అని చెప్పదు. ఆ ఇంట్లో రోజూ తిరిగే మనిషి వెంట్రుక ఆ ఇంట్లో దొరికితే దానికి విలువ తక్కువ.

ప్రశ్న: మా వాట్సాప్ గ్రూపులో ఓ కేసు బాధితురాలి ఫొటో, ఇంటి చిరునామా వచ్చాయి. నలుగురమే కదా, ఫర్వాలేదంటారా?
– ఓ పాఠకురాలు, అంబర్‌పేట

జవాబు: వెంటనే తీసేయించండి. లైంగిక నేర బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. బాధితురాలు బతికి లేకపోయినా ఈ రక్షణ పోదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. సోషల్ మీడియా కూడా ఇందులోకే వస్తుంది. నలుగురి గ్రూపులో పెట్టింది రాత్రికి నాలుగు వందల మందికి చేరుతుంది.

అందుకే 2007 డిసెంబరు నాటి విజయవాడ హాస్టల్ విద్యార్థిని అత్యాచారం, హత్య కేసును ఈ శీర్షికలో ఎప్పుడు ప్రస్తావించినా పేరు రాయం. ఆ కేసులో కింది కోర్టు 2010లో ఒక యువకుడికి శిక్ష వేసింది, 2017లో హైకోర్టు నిర్దోషి అంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా అతను జైల్లో ఉన్నాడు. తర్వాత సీబీఐ మళ్లీ మొదటినుంచి దర్యాప్తు చేపట్టాల్సి వచ్చింది. ‘వీడే’ అని టీ తాగుతూ తేల్చేసే ముందు ఆ ఎనిమిదేళ్లు గుర్తు తెచ్చుకోవాలి. కోర్టు తేల్చని మనిషి పేరును మీ షీటు మీద రాయకండి, ఎ1, ఎ2 (మొదటి నిందితుడు, రెండో నిందితుడు) చాలు. ఆ వీధికి వెళ్లి ఇల్లు చూడడం, ఇరుగుపొరుగును అడగడం అసలే వద్దు. ఆ తలుపు వెనక ఇంకా ఒక తల్లి ఉంటుంది.

ప్రశ్న: ఎవరి మనసూ నొప్పించకుండా, నాలుగు వారాలు మాట్లాడుకోదగ్గ రహస్యం ఒకటి చెప్పండి.
– ఓ పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: డి.బి.కూపర్ విమానం హైజాక్. ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు, కాబట్టి నిశ్చింతగా మాట్లాడుకోవచ్చు. 1971 నవంబరు 24న అమెరికాలో పోర్ట్‌లాండ్ నుంచి సియాటిల్ వెళ్లే బోయింగ్ 727లో ఒకాయన బాంబుందని బెదిరించాడు. 2 లక్షల డాలర్లు, నాలుగు పారాచూట్లు తీసుకుని, ప్రయాణికుల్ని దింపేసి, మళ్లీ గాల్లోకి లేచాక వెనక మెట్ల మీంచి రాత్రిపూట దూకేశాడు. ఎఫ్‌బీఐ 2016లో దర్యాప్తు ఆపేసింది. అతను టికెట్టు మీద రాసిన పేరు డాన్ కూపర్. ‘డి.బి.’ అన్నది విలేకరుల పొరపాటు, అదే లోకమంతా నిలిచిపోయింది. మొదటి వారం ఈ ఒక్క తప్పు ఎలా పాకిందో మాట్లాడుకోండి.

రెండో వారానికి డబ్బు. 1980 ఫిబ్రవరిలో కొలంబియా నది ఒడ్డు ఇసుకలో ఓ పిల్లాడికి 5,800 డాలర్లు దొరికాయి. అన్నీ 20 డాలర్ల నోట్లు: రెండు కట్టల్లో 100 చొప్పున, మూడోదాంట్లో 90. నంబర్లు కూపర్‌కు ఇచ్చినవాటితో సరిపోయాయి. అంచులు తినేసి గుండ్రంగా అయిపోయాయి, రబ్బరు బ్యాండ్లు మాత్రం ఇంకా ఉన్నాయి. రబ్బరు బయట పడి ఉంటే అంతకాలం నిలవదు. అంటే అవి దూకిన కొద్దికాలానికే ఇసుకలో పూడుకుపోయాయా, లేక ఎవరైనా తర్వాత పాతిపెట్టారా? నోట్ల మీద దొరికిన డయాటమ్ అనే సూక్ష్మ నాచును పరీక్షించి 2020లో ప్రచురించిన పరిశోధన, నవంబరు నీళ్లలో కాకుండా వేడి నెలల్లో అవి తడిశాయని సూచించింది.

దీన్ని మీరే డాబా మీద కొంత పరీక్షించవచ్చు. నోటు సైజుకు కోసిన 100 కాగితాల కట్టలు మూడు చేసి, ఒకే డబ్బాలోని రబ్బరు బ్యాండ్లు వేయండి. ఒకటి ఎండలో, ఒకటి బకెట్టు నీళ్లలో, ఒకటి తడి ఇసుకలో అడుగు లోతున పెట్టండి. వారానికోసారి ఫొటో తీసి తేదీ రాయండి, చేత్తో లాగి చూడొద్దు. మన ఎండ అక్కడి చలికి సమానం కాదు కాబట్టి రోజుల లెక్క పోల్చకండి. మూడింటిలో ఏది ముందు తెగింది, ఏది ఆఖరున తెగింది అన్న వరుస మాత్రమే మీ షీటు మీదికి, అదీ నీలం పెన్నుతో.